నాలుగు ఖాళీ పెట్టెలు

కాడుగోడి అంజినమ్మ పద్దెనిమిదేళ్లుగా దిగుమతి సరుకులకు కస్టమ్స్ కాగితాలు రాస్తోంది. ఆ రోజు వినికిడి పరీక్ష యంత్రాలు తనిఖీకి వచ్చాయి. యంత్రం కోసమే మలిచిన పెట్టె దానితో కలిసి వస్తే యంత్రం కిందే లెక్క. ఖాళీగా వస్తే వేరే వస్తువు, వేరే సుంకం.

అధికారి రెండు పెట్టెలు తెరిచి చూసి, సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడే అంజినమ్మకు లెక్కలో తేడా తట్టింది. యంత్రాలు ఇరవై, పెట్టెలు ఇరవై నాలుగు. అన్నిటినీ యంత్రాల కిందే రాసింది తానే. చెబితే ఇన్నేళ్ల పేరు పోతుందేమో!

"సార్, నాలుగు పెట్టెలు ఖాళీవి ఉండాయి. నేను చూసుకోలేదు, తప్పు నాదే."

అధికారి పెన్ను పక్కన పెట్టి కాగితాలు తిరగేశాడు.

"సంతకం కాకముందే చెప్పినావు, బతికిపోయినావమ్మా. దిద్ది తీసుకురా."

యంత్రాలు మధ్యాహ్నానికి విడుదలయ్యాయి. ఆ తర్వాత వచ్చిన సరుకుకు అంజినమ్మ పెట్టెలన్నీ లెక్కపెట్టాకే కాగితం రాసింది.