మామ పెట్టిన తేలిక వాచీ

జగిత్యాలలో, నిండు పెళ్లిలో, మైకు పెట్టించి మరీ నా పరువు నేనే తీసుకున్న కథ ఇది. భోంచేస్తూ చదవకండి, పొలమారుతుంది.

కోరుట్లలో మా ఇంట్లో ఏ వస్తువునైనా చేత్తో ఎత్తి చూసే విలువ కడతారు. ఎవరైనా బిందె పెడితే మా అమ్మ ముందు బిందెను ఎత్తుతుంది, తరువాతే పెట్టినవాళ్లను పలకరిస్తుంది. నేను ఆ తల్లి కొడుకునే కదా! సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే మా మామ నాకొక కొత్త వాచీ ఇవ్వగానే ఎత్తి చూశాను. అప్పడమంత బరువు కూడా లేదు! వెనకాల ‘టైటానియం’ అని ఉంటే కంపెనీ పేరనుకున్నాను. సొంత అల్లుడికి ప్లాస్టిక్ వాచీయా అని లోలోపలే సణుక్కుని దాన్ని బీరువాలో పడేశాను.

"మా నాయినిచ్చిన వాచి పెట్టుకోవేంది?" అని మా ఆవిడ అడిగితే, "పండుగకు పెట్టుకుంట" అని తప్పించుకున్నాను. నా పాత స్టీలు వాచీనే పెట్టుకు తిరిగాను. అది పెట్టుకునేదేమో బండి మీద నుంచి పడి విరిగితే లోపల ప్లేటు వేసిన చెయ్యి. సాయంత్రమయ్యేసరికి ఆ బరువుకు ఒకటే గుంజేది. అయినా దర్జా ముఖ్యం కదండీ!

ఇంతలో జగిత్యాలలో మా మేనత్త కొడుకు పెళ్లి. మా ఆవిడకు తెలియకుండా ఆ వాచీనే రంగు కాగితంలో చుట్టి పెళ్లికొడుక్కి పెట్టేశాను. పిల్లవైపు వాళ్లు మా మామకు చుట్టాలని, ఆయనా వస్తాడని నాకేం తెలుసు?

మైకు దగ్గర చదివింపులు చదువుతున్న ఆయన దుబాయ్‌లో పనిచేసి వచ్చినవాడు. పొట్లం విప్పి కేక పెట్టాడు.

"అబ్బో! కోరుట్ల బావ టైటానియం వాచి పెట్టిండుల్లా! స్టీలుల సగం బరువే ఉంటది, గట్టిదనం మాత్రం తక్వ గాదు!"

మా ఆవిడ నా వైపు తిరిగింది.

"గది మా నాయినిచ్చిన వాచి గాదు?"

"గసొంటిదే ఇంకోటి..."

"ఇంకోటా? యాడ కొన్నవ్?"

అప్పుడే వెనక నుంచి మామ గొంతు వినిపించింది. తిడితే బాగుండేది. ఆయన మెల్లగా అడిగాడు.

"చెయ్యి గుంజుతున్నదా అల్లుడా?"

"లే... లేదు మామా."

"స్టీలు వాచి పెడితే నీకు నొస్తున్నదని బిడ్డ చెప్పింది. గందుకే బరువు లేనిది ఎతికి ఎతికి తెప్పించిన."

సిగ్గుతో చచ్చిపోయాను. "తేలికగుంటే ప్లాస్టిక్ అనుకున్న మామా."

"ప్లాస్టికా!" ఆయన కళ్లు తేలేశాడు. "నీ చేతిల డాక్టరేసిన ప్లేటు దేంతోటి చేసిన్రో ఎర్కేనా? గది గూడ టైటానియమే!"

నా చేతిని నేనే పరాయివాడి చేతిలా చూసుకుంటూ నిలబడిపోయాను. మా ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"తేలికగున్నదని గా ప్లేటు గూడ ఎవలి పెండ్లిలనన్న చదివించకు!"

మా వరుసంతా గొల్లుమంది.

కాబట్టి కొండగట్టు అంజన్న మీద ఒట్టు, ఇకపై ఈ చేత్తో వంకాయను కూడా బరువు చూడను. కూరగాయలు ఎంచేది మా ఆవిడే. సంచి మోసేది మాత్రం నేను, అదీ స్టీలు వాచీ విప్పేసి.