ప్లాస్టర్ అంటించిన పొడుం డబ్బా

దెయ్యాల సంగతులు నా దగ్గర ఎవరూ చెప్పరు. చెబితే ఎన్ని గంటలకు చూశావు, ఎంత దూరంలో ఉంది, అప్పుడు నీకు జ్వరం ఉందా అని అడుగుతాను. హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా చర్చిలో ఎవరైనా లేచి తమకు దర్శనం కలిగిందని సాక్ష్యం చెబుతుంటే నేను తల వంచుకుని పాటల పుస్తకం తిరగేసేదాన్ని. అమ్మ మోచేత్తో పొడిచేది.

ఇప్పుడు రాసేది నాకే జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తాను. కారణం మాత్రం నన్ను అడగొద్దు.

1987లో నాకు రేపల్లె నుంచి పెనుమూడి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో టీచరు ఉద్యోగం వచ్చింది. ఊరి పేరు అక్కర్లేదు. మేం తెనాలిలో ఉండేవాళ్ళం. నాన్న లేరు. ముప్పై ఏళ్ళు హాస్టల్ పిల్లలకు వండిపెట్టిన అమ్మ మోకాళ్ళ నొప్పులతో పని మానేసింది. చెల్లి సువార్తకు పదేళ్ళు. ఇల్లు నా ఉద్యోగం మీదే నడవాలి, ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు.

పొద్దున్నే ప్యాసింజర్ బండిలో రేపల్లె, అక్కడి నుంచి బస్సు, బస్సు దిగాక కాలవ గట్టు మీద రెండు కిలోమీటర్ల నడక. ఆ గట్టు మీద, జనవరి నుంచి, ఒక మనిషి నా కోసం కాపు కాయడం మొదలుపెట్టాడు. కల్వర్టు మీద సైకిల్ ఆనించుకుని కూర్చునేవాడు. మొదట ఈల వేశాడు. తర్వాత వెనకే నడిచాడు. ఒకరోజు చాలా మర్యాదగా, "రేపు ఆ నీలం చీర కట్టుకు రండి టీచరుగారూ" అన్నాడు. నీలం చీర మళ్ళీ కట్టలేదు.

హెడ్మాస్టరుగారికి చెప్పాను. ఆయన మంచివారే, కానీ పిరికి. "ఎండాకాలం సెలవులు వచ్చేస్తున్నాయి కదమ్మా, ఓపిక పట్టండి. గొడవైతే మాట మనకే వస్తుంది" అన్నారు.

ఉపాయం రైల్లో ఆడవాళ్ళ పెట్టెలో దొరికింది. రోజూ ప్రయాణం చేసే ఆడవాళ్ళం అక్కడ కూరలు తరుక్కుంటూ అన్నీ మాట్లాడుకునేవాళ్ళం. నా దగ్గర పెద్ద పిన్నీసు ఉందని చూపిస్తే, రేపల్లె పోస్టాఫీసులో పనిచేసే కమలక్క నవ్వింది.

"పిన్నీసు బస్సులో పనికొస్తుందమ్మాయ్, గట్టు మీద కాదు. అది గుచ్చాలంటే వాడు నీ దాకా రావాలి. వాణ్ణి నాలుగడుగుల అవతలే ఆపేది ఉంచుకో. కారం ఉంచుకో."

ఆ రోజే వంటింట్లో జాడీలోంచి కారం తీసి పొట్లం కట్టాను. సైన్సు టీచర్ని కదా, పెరట్లో ఒకసారి విసిరి చూశాను. ముద్దగా నేల మీద పడింది. కోడి వచ్చి ఒక ముక్క పొడుచుకుని హాయిగా వెళ్ళిపోయింది. మా ఇళ్ళలో ఏడాది నిలవ ఉండాలని కారంలో ఉప్పూ నూనే కలిపి దంచుతారు. అది అన్నంలోకి బాగుంటుంది, గాలిలో ఎగరదు.

అమ్మ నన్ను తిట్టి, ఎండు మిరపకాయలు ఎండబెట్టి, గింజలతో సహా విడిగా దంచి పలచటి గుడ్డలో జల్లించింది. నేనూ చెల్లీ వాకిట్లోకి పారిపోయి తుమ్ముతుంటే తను మాత్రం కదలకుండా కూర్చుంది. ఆ చేతులకు మంట అంటే తెలియదు. జల్లించినది నాకిస్తూ, "భయంలో నువ్వు మర్చిపోయినా ఇది మర్చిపోదులేవే" అంది. ఏదో ధైర్యం చెబుతోందనుకున్నాను.

ఇక డబ్బా. పౌడరు డబ్బా పెద్దది, రెండు చేతులూ కావాలి. అమృతాంజనం సీసా మూత తిప్పేలోగా వాడు మీద పడతాడు. చివరికి తెనాలి బజారులో ముక్కుపొడుం డబ్బా దొరికింది. అరచేతిలో దాగిపోతుంది, బొటనవేలితో నెడితే మూత లేస్తుంది. "తాతగారికా అమ్మా?" అని కొట్టాయన అడిగితే అవునండి అన్నాను. వారం రోజులు ఇంట్లో అందరూ పడుకున్నాక ఖాళీ డబ్బాతో సాధన చేశాను. చెయ్యి ఎత్తడం, బొటనవేలు, విసురు.

రెండు నెలలు గట్టు మీద నడిచినంతసేపూ నా కుడిచెయ్యి సంచిలోనే ఉండేది. వాడు చూస్తూ ఉండేవాడు గానీ దగ్గరకు రాలేదు.

మార్చి చివర ఒంటిపూట బడులు మొదలయ్యాయి. అప్పటికి మూత వదులై కారం సంచిలో రాలుతోంది. నేను దిద్దిన పేపర్లు అందుకుని హెడ్మాస్టరుగారు పది తుమ్ములు తుమ్మారు. సిగ్గుతో ఇంటికొచ్చి డబ్బాకు రెండు చుట్లు ప్లాస్టర్ వేశాను. చెల్లి తెరవకుండా, ప్లాస్టర్ అంచు మీదుగా డబ్బా మీదకు వచ్చేలా సిరాతో 'కారం' అని రాశాను. ప్లాస్టర్ వేసిన డబ్బా బొటనవేలికి తెరుచుకోదు కాబట్టి దాన్ని అలమరలో బైబిలు పక్కన పెట్టేశాను. శనివారం కొత్తది కొనుక్కోవచ్చు, మధ్యలో ఒక్క రోజే కదా అనుకున్నాను.

ఆ ఒక్క రోజు శుక్రవారం. పన్నెండుకు బడి వదిలారు. నాతో నడిచే ఆడపిల్లలు మొదటి పేట దగ్గరే ఆగిపోయారు. కాలవ కట్టేశారు, అడుగున అక్కడక్కడ మడుగులు తప్ప నీళ్ళు లేవు. రెండు వైపులా కోసేసిన చేలు. మనిషన్నవాడు లేడు. గాలి కూడా లేదు. ఇది గుర్తుపెట్టుకోండి.

కల్వర్టు దగ్గర సైకిల్ ఉంది గానీ వాడు లేడు. నాలుగడుగులు వేశాక కల్వర్టు కింద నుంచి ఎక్కి వచ్చి నా ఎదుట నిలబడ్డాడు.

"ఇవాళ సంచిలో చెయ్యి పెట్టలేదేంటి టీచరుగారూ?"

అంటే రెండు నెలలుగా లెక్క చూసుకుంటున్నాడు. సంచి పట్టుకుని గుంజాడు. నేను సంచి వదిలేశాను. కుడిచెయ్యి మాత్రం దానంతట అదే లేచింది. అలవాటు ప్రకారం బొటనవేలు నెట్టింది. చెయ్యి విసిరింది. చేతిలో ఏమీ లేదు.

వాడు కెవ్వుమని రెండు కళ్ళూ మూసుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆ వెంటనే నా గొంతులోకి ఘాటు దూసుకొచ్చింది, అమ్మ దంచిన రోజు వచ్చిందే. దగ్గుతో ఊపిరి ఆడలేదు. వాడు దొర్లుకుంటూ కాలవలోకి దిగి మడుగులో మొహం ముంచాడు. వాడి చొక్కా తెల్లది. దాని మీద ఎర్రటి రవ్వ ఒక్కటి లేదు. సంచి తీసుకుని రోడ్డు దాకా పరిగెత్తాను.

ఇంటికి చేరేసరికి మూడు దాటింది. అమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని బకెట్లో చేతులు ముంచి ఉంది. పక్కింటి రత్తమ్మ పిన్ని విసనకర్రతో విసురుతోంది.

"కునుకు తీస్తా తీస్తా కేకేసి లేచిందే మీ అమ్మ. చేతులు మండిపోతన్నాయంటది. ఏమీ ముట్టుకోలేదు పాపం, నేను ఇక్కడే బియ్యం ఏరుకుంటన్నా" అంది పిన్ని.

ఎన్ని గంటలకని అడిగాను. సువార్త బడి నుంచి వచ్చి పుస్తకాలు పెడుతున్నప్పుడట. దాని బడి కూడా పన్నెండుకే వదులుతారు. నడిచి రావడానికి పావుగంట.

గట్టు మీద జరిగింది నేను ఇంకా ఎవరికీ చెప్పలేదు. లోపలికి వెళ్ళి అలమర తీశాను. డబ్బా పెట్టిన చోటే ఉంది. ప్లాస్టర్ రెండు చుట్లూ అలాగే ఉన్నాయి. సిరా గీతలు ఎక్కడా తెగలేదు, జరగలేదు. బ్లేడుతో కోసి మూత తెరిచాను. లోపల ఏమీ లేదు. తోమి ఆరబెట్టినట్టు మెరుస్తోంది.

అమ్మకు చూపించాను. ఒక్కసారి చూసి, "అది అవతల పెట్టి చేతులకు ఆముదం రాయవే" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

సంచి అడుగున రాలిన కారం వాడు గుంజినప్పుడు లేచి ఉండొచ్చని నాకు నేను చెప్పుకున్నాను. సంచి వరకు ఆ మాట నిలుస్తుంది. డబ్బా దగ్గరకు వచ్చేసరికి నిలవదు.

జూన్‌లో బడులు తెరిచారు. రేపల్లె స్టేషన్లో బండి దిగి వెళుతుంటే పంపు దగ్గర ఒక ముసలామె, పక్కన కళ్ళ మీద తడిగుడ్డ వేసుకున్న మనిషి కనిపించారు. వాడే. నేను మాట్లాడలేదు. చెప్పులు కూడా చప్పుడు కాని రకం. అయినా నేను దగ్గరకు వచ్చేసరికి వాడు తల నా వైపు తిప్పి దగ్గడం మొదలుపెట్టాడు. "అమ్మా, వచ్చింది" అన్నాడు.

ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "ఏం పోసేవమ్మా నా కొడుకు కళ్ళల్లో? డాక్టర్లు చూసి లోపల ఏమీ లేదంటన్నారు. మంట తగ్గట్లేదు, చూపు ఆనట్లేదు."

"నేనేమీ పొయ్యలేదండి" అన్నాను. నా జీవితంలో అంత నిజమైన మాట, అంత అబద్ధంలా వినిపించిన మాట ఇంకొకటి లేదు. వాడి మీద నాకు జాలి లేదు. ఆమె మీద ఉంది. అప్పటికే అమ్మకు రోజూ మధ్యాహ్నం ఆ వేళకు అరచేతులు మండుతున్నాయి. ఎనిమిదేళ్ళు, పోయే దాకా ఆముదం రాసుకుంటూనే ఉంది.

ఈ ఏడాది, 1998లో, సువార్తకు బాపట్లలో ఉద్యోగం వచ్చింది. అదీ రోజూ బండి ప్రయాణమే. ఓడ మీద పనిచేసే మా పెదనాన్న కొడుకు పై దేశం నుంచి మీదికొచ్చినవాడి కళ్ళల్లో కొట్టే మిరియాల స్ప్రేలు రెండు తెచ్చాడు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నదే ఎంచాను. అరచేతిలో ఇమడాలి, ఒక్క వేలితో పనిచేయాలి, సంచి అడుగున కాదు చేతికి అందేలా ఉండాలి అని చెల్లికి పాఠం చెప్పాను. నొక్కితే దానంతటదే తెగే సీలు కాబట్టి అది తియ్యకుండానే చెల్లి సంచి పక్క జేబులో పెట్టాను.

పోయిన నెల ఒక మంగళవారం, ఇప్పుడు నేను పనిచేసే తెనాలి బడిలో తొమ్మిదో తరగతికి పాఠం చెబుతున్నాను. చేతిలోని సుద్దముక్క జారి పడింది. రెండు అరచేతులూ నిప్పుల మీద పెట్టినట్టు మండాయి. గోడ గడియారంలో పదకొండూ నలభై. పిల్లలు చూస్తున్నారని చేతులు కొంగులో చుట్టుకున్నాను.

సాయంత్రం చెల్లి మామూలుగా వచ్చింది. ఏమైనా జరిగిందా అని అడిగాను. "ఏం జరుగుద్దక్కా?" అంటూ కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళింది. చాలాసేపు కడుక్కుంది. స్ప్రే సీసా సంచి జేబులోనే ఉంది, సీలు సీలుగానే ఉంది.

నిండుగా ఉందా, ఖాళీగా ఉందా అన్నది చేతిలోకి తీసుకుని ఊపితే తెలిసిపోతుంది. బడి ల్యాబులో గ్రాములతో సహా చెప్పే త్రాసు ఉంది, తాళం నా దగ్గరే ఉంటుంది. నెల రోజులైంది. నేను ఇంతవరకు ఆ సీసాను ముట్టుకోలేదు.