దయామణి చెప్పిన సాక్ష్యం

రెడ్డిగూడెం మామిడి తోటల్లో కాయ కోయడంలో ఏసుపాదానికి సాటి లేదు. చిటారు కొమ్మనున్న కాయైనా దెబ్బ తగలకుండా దింపేవాడు. అతనికి ఫిట్స్ ఉన్నాయని చాలామందికి తెలియదు. పదేళ్లుగా పూటకో మాత్ర మింగుతున్నాడు, ఒక్కసారీ పడలేదు. ఆ సంగతి భార్య దయామణికి తెలుసు. తెలిసి కూడా చేసిందండీ ఆ పని!

నిరుడు మార్చిలో వాళ్ల చర్చి సంఘం యూట్యూబ్ ఛానల్ పెట్టింది. ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, కెమెరా తనవైపు తిరిగేసరికి దయామణికి ఒళ్లు తెలియలేదు. "మా ఆయన్ని దేవుడు ముట్టాడు. ఫిట్స్ పోయాయి, మాత్రలు మానేశాడు" అనేసింది. మానేసింది ఎక్కడ? ఆ పొద్దున కూడా టీ తాగి మింగాడు. రేపు జరగాల్సినదాన్ని జరిగిపోయినట్టు చెప్పడమే విశ్వాసమని ఆ సంఘంలో అందరూ అనుకుంటారు, ఆమె కూడా అనుకుంది. చప్పట్లు కొట్టాక ఇంకేముంది, అన్న మాట నిజం కావాలి కదా! ఇంటికెళ్లి మాత్రల అట్టలన్నీ పొయ్యిలో పడేసింది. ఏసుపాదం గొణిగితే "దేవుణ్ని అబద్ధికుణ్ని చేస్తావా?" అని నోరు మూయించింది.

పందొమ్మిదో రోజున అతను చెట్టు మీంచి పడి, మెడ విరిగి చనిపోయాడు. కాలు జారిందన్నారు అందరూ. కింద బుట్ట పట్టుకుని నిలబడ్డ దయామణి మాత్రం, పడేముందు అతని చెయ్యి కొంకర్లు పోవడం కళ్లారా చూసింది. అయినా కాలు జారిందనే చెప్పింది.

అప్పట్నుంచి బైబిల్ తెరిస్తే ఒకచోటే ఆగిపోయేది. చావబోతున్న హిజ్కియా రాజుని బాగుచేస్తానని దేవుడే మాటిచ్చాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు. మాటిచ్చిన దేవుడే మందూ వెయ్యనిచ్చాడు. ఎన్నిసార్లు చదివిన అధ్యాయం, అప్పుడు కళ్లేమయ్యాయో! ఏడ్చేది, మూసేది, ఎవరితోనూ అనేది కాదు.

మొన్న కోతల్లో, మధ్యాహ్నం అన్నాల దగ్గర పక్కింటి షాలోమి సంబరంగా చెప్పింది. ఆరేళ్ల కూతురు సౌజన్యకి ఫిట్స్ మాత్రలు ఆపేసిందట. మూడు రోజులైందట.

దయామణి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "పిచ్చిదానా, ఇప్పుడే వెళ్లి వెయ్యి!"

"అదేంటత్తా! నువ్వు చెప్పిందే కదా చేశాను." షాలోమి ఫోన్ తీసి చూపించింది. అందులో దయామణి నవ్వుతోంది. పక్కన ఏసుపాదం తలొంచుకుని నిలబడ్డాడు. "మావయ్య కాలు జారి పోయాడు గానీ ఫిట్స్ వచ్చి కాదుగా?"

చుట్టూ పదిమంది కూలీలు వింటున్నారు. ఫిట్స్ కాదంటే దయామణి పరువు దక్కుతుంది, పిల్ల దక్కదు.

"ఫిట్స్ వచ్చే పోయాడే. వీడియోలో నేను అబద్ధం చెప్పాను. దాన్ని నిజం చెయ్యాలని మాత్రలు పొయ్యిలో పారేశాను. నా మొగుణ్ని నేనే చంపుకున్నాను."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. షాలోమి అన్నం వదిలేసి ఇంటికి పరిగెత్తింది. దయామణి వెనకే వెళ్లి, గుమ్మంలో నిలబడి, పిల్ల మాత్ర మింగేదాకా చూసింది. హమ్మయ్య అనుకుని, దగ్గరికెళ్లి దాని తల నిమరబోయింది.

షాలోమి పిల్లని వెనక్కి లాక్కుంది.

"ముట్టుకోకత్తా" అంది.