రెండు గంటలకోసారి తిప్పాల్సిన మనిషి

నల్లగొండలో మా నర్సింగ్ స్కూల్లో మనిషంత రబ్బరు బొమ్మ ఒకటి ఉండేది. రోగిని పక్కకు తిప్పడం, వీపు తుడవడం, కింద దుప్పటి ముడతలు పడకుండా సర్దడం అన్నీ మొదటి ఏడాది దాని మీదే నేర్చుకున్నాం. ఆ పరీక్షలో క్లాసులో అందరికన్నా నాకే ఎక్కువ మార్కులొచ్చాయి. మా నాయన చేనేత మనిషి. ఇంటికి పోయి చెబితే మగ్గం ఆపి, "ఇగ నా బిడ్డ నలుగురికి అక్కరకొస్తది" అన్నాడు.

రెండో ఏడాది వేసవిలో నన్ను పెద్ద దవాఖానలో మగవాళ్ల ఎముకల వార్డుకు వేశారు. ఆరు వారాలు. పొద్దున ఏడున్నర నుంచి మధ్యాహ్నం రెండు దాకా డ్యూటీ. మంచాలు చాలక నేల మీద కూడా పరుపులు పరిచి ఉండేవి. అంతమందికీ ఒక స్టాఫ్ నర్స్, ఇద్దరం విద్యార్థులం.

రెండో వారంలో ఆయన వచ్చాడు. కట్టంగూర్ అవతల ఒక పల్లె. గొర్రెలు, మేకలు కాసుకునే మనిషి. నలభై ఏళ్లుంటాయేమో. ఎండలకు ఎక్కడా పచ్చన లేక, మేకలకు ఆకు కొడదామని తుమ్మ చెట్టెక్కితే కొమ్మ విరిగింది. వీపు మీద పడ్డాడు. నడుము కింద స్పర్శ పోయింది. హైదరాబాద్‌లో చూసి, ఆపరేషన్‌తో అయ్యేది కాదని వెనక్కి పంపారు. వెంట భార్య ఒక్కతే ఉంది. మందను మరిదికి అప్పజెప్పి వచ్చింది.

మా ట్యూటర్ మేడం నన్ను ఆ మంచం దగ్గరికి తీసుకుపోయింది. "ఈయన కాళ్లు మనం బాగుచేయలేం. వీపు మాత్రం కాపాడొచ్చు. రెండు గంటలకోసారి పక్క మార్చాలె. అది నీ పని" అని చెప్పి మంచానికి ఒక చార్ట్ తగిలించింది. ఎనిమిదికి కుడి పక్క, పదికి ఎడమ పక్క, పన్నెండుకు వెల్లకిలా. చేసినప్పుడల్లా గడిలో రాసి సంతకం పెట్టాలి.

మొదటిసారి తిప్పినప్పుడు ఆయన గట్టిగా అరిచి మంచం కడ్డీ పట్టుకున్నాడు. నొప్పికి కాదు. తన మోకాళ్లు తనకు తెలియకుండా పక్కకు వాలిపోవడం చూసి భయపడ్డాడు. "నడుం కింద పెయ్యికి ఏమైతుందో నాకు తెల్వదమ్మా. జర చెప్పి ముట్టు" అన్నాడు. బొమ్మతో ఎప్పుడూ చెప్పి ముట్టలేదు. ఆ రోజు నుంచి "అన్నా, కాలు లేపుతున్న, ఇప్పుడు పక్కకు తిప్పుతున్న" అని చెబుతూ చేసేదాన్ని. ఆయన "ఆఁ కానీ" అనేవాడు. భార్య అటువైపు నుంచి భుజం పట్టేది. ఆమె ఒక్కతే తిప్పితే వెన్నుపూస కదులుతుందని, నర్సు లేకుండా తిప్పొద్దని మేమే గట్టిగా చెప్పి ఉంచాం.

ఒక వారం సరిగ్గానే జరిగింది. తర్వాతి సోమవారం నాతోటి అమ్మాయి జ్వరమని రాలేదు. నార్కట్‌పల్లి రోడ్డు మీద ఆటో బోల్తాపడి ఒకేసారి నలుగురు వచ్చారు. సెలైన్లు, కట్లు, ఎక్స్‌రే గదికి తిరగడాలు. ఆయన సంగతి గుర్తొచ్చేసరికి పన్నెండున్నర. ఒక్కసారి కూడా తిప్పలేదు. "మీ మేడం వస్తాంది, చార్ట్‌లు నింపి పెట్టు" అని స్టాఫ్ నర్స్ కేకేసింది. మూడు గడులూ నింపాను. మేడం వచ్చి చూసి "నీట్‌గ పెట్టినవ్" అని పక్క మంచానికి పోయింది.

దొరికిపోతానని భయపడ్డాను. దొరకలేదు. అదే నన్ను చెడగొట్టింది. ఆ తర్వాత పని ఎక్కువున్న రోజు ఒకసారి తిప్పి మూడుసార్లు రాసేదాన్ని. నా తర్వాతి షిఫ్ట్ వాళ్లు నా గడులు చూసి అలాగే నింపుకుంటూ పోయేవారు.

"బిడ్డా, జర పక్కకు తిప్పుదామా?" అని ఆయన భార్య అడిగేది.

"వస్తున్న అక్కా, రెండు నిమిషాలు."

ఆ రెండు నిమిషాలు గంటయ్యేది. ఆమె మళ్లీ అడిగేది కాదు.

నాలుగో వారంలో ఒకరోజు ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వాసనొస్తాంది బిడ్డా. గొర్రెకు పుండు మురిగితె గిట్లనే వస్తది." పక్కకు తిప్పి చూశాం. వెన్నెముక కొసన తోలు నల్లబడి ఉంది. వేలు పెడితే లోపలికి దిగింది. "చెమటకు అక్కా" అని పౌడర్ చల్లి దుప్పటి కప్పేశాను.

మరునాడు రౌండ్స్‌లో డాక్టర్ చూశాడు. చచ్చిన తోలు కత్తిరించేస్తే పిడికిలి పట్టేంత గుంత. అడుగున ఎముక తెల్లగా కనబడింది. డాక్టర్ చార్ట్ తీసి ఒక్కొక్క రోజూ చూశాడు. ఎక్కడా లోపం లేదు. అప్పుడు ఆమె వైపు తిరిగాడు.

"మా పిల్లలు పక్క మార్చిపోతుంటే నువ్వే మళ్ల వెల్లకిల పండవెడుతున్నట్టున్నవ్. ఎన్నిసార్లు చెప్పినా మీకు అర్థం గాదు."

ఆమె నా ముఖం ఒక్కసారి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల వంచుకుంది. నా చేతుల్లో డ్రెస్సింగ్ ట్రే ఉంది. అందులోని సీసాలు సర్దుతూ నిలబడ్డాను.

అందరూ పోయాక ఆయన అడిగాడు. "నా వీపుకేమైందమ్మా? గీమె చెప్తలేదు. నువ్వు చెప్పు."

"చిన్న పుండు అన్నా. మానుతది."

ఆ రోజు హాస్టల్లో అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. మరునాటి నుంచి రెండింటికి డ్యూటీ దిగినా వార్డులోనే ఉండి సాయంత్రం దాకా తిప్పేదాన్ని. స్టాఫ్ నర్స్ డ్రెస్సింగ్ నేర్పింది. సెలైన్‌తో ఎలా కడగాలో, గాజుగుడ్డ బిగించకుండా వదులుగా ఎలా నింపాలో చూపించింది. తొందరలోనే నా చెయ్యి కుదిరింది. పుండు మాత్రం నా మాట వినలేదు. రోజురోజుకూ అంచులు వెనక్కి పోయాయి. మధ్యాహ్నమయ్యేసరికి చలిజ్వరం వచ్చి ఆయన పళ్లు కొట్టుకునేవి. తిప్పలేకపోయిన గడులు ఖాళీగా వదిలేశాను. "ఖాళీ పెడితె నా మీదికొస్తది" అని విసుక్కుని స్టాఫ్ నర్సే తన పెన్నుతో నింపింది.

ఒకరోజు వార్డు వెనక నల్లా దగ్గర ఆయన భార్య బట్టలు ఉతుకుతుంటే పోయి పక్కన కూర్చున్నాను. "అక్కా, నేను తిప్పలేదు. తిప్పకుండనే రాసిన" అన్నాను.

ఆమె ఉతకడం ఆపలేదు. "నాకెర్కనే బిడ్డా. నేను ఆడనే ఉన్న గద."

"మరి డాక్టర్ నిన్నంటుంటే ఎందుకు చెప్పలే?"

"చెప్తె రేపటి సంది నువ్వు గుడ రాకపోదువు. నువ్వన్న పొద్దుకొకపారి వస్తుంటివి."

సబ్బు నురగ నా కాళ్ల మీదుగా పారుతూనే ఉంది. ఆమె దుప్పటి ఒక కొస నా చేతికిచ్చి, పిండమన్నట్టు తలాడించింది. పిండాను.

సాయంత్రం ట్యూటర్ మేడంకు చెప్పాను. ఆమె తలుపు దగ్గరికేసి వచ్చింది. "ఇంకెవ్వరికి చెప్పకు. దవాఖానోళ్లు మన పిల్లలను రానియ్యరు. నీ చదువు ఆగిపోతది" అంది. చాలాసేపు బల్ల మీది కాగితాలు అటూ ఇటూ జరిపింది. "నేను గుడ చార్ట్ చూసి పోయిన. దుప్పటి తీసి చూస్తె అయిపోతుండె" అంది చివరికి. మరునాడు ఎనిమిదికి వార్డుకొచ్చి, గ్లౌజులు తొడుక్కుని, నాతో పాటు ఆయన్ను పక్కకు తిప్పింది. పదికి, పన్నెండుకు కూడా. ఆ ఒక్క రోజే. తర్వాత ఆమెకు పరీక్షల పని పడింది. డాక్టర్‌కు నేను చెప్పలేదు. చదువు పోతుందన్న భయమే గెలిచింది.

ఆరో వారంలో మళ్లీ హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు. ఆయన ఒప్పుకోలేదు. "ఇంటికాడ గొర్ల మొకం చూస్కుంట పండుకుంట" అన్నాడు. ట్రాలీ ఆటోలో పరుపు వేసి ఎక్కించాం. అంతకు ముందు రెండు రోజులు ఆయన భార్యకు డ్రెస్సింగ్ నేర్పాను. ఉప్పు వేసి కాచిన నీళ్లు, ఉడకబెట్టి ఆరేసిన మెత్తటి నూలు గుడ్డ. మరిదితో కలిసి వెన్ను వంకర పోకుండా తిప్పడం. ఆమె ఒక్కసారి చూసి, నాకన్నా నెమ్మదిగా, నాకన్నా బాగా చేసింది.

వానలు పడ్డాక ఒక ఆదివారం వాళ్ల ఊరికి పోయాను. అప్పటికే ఆయన పోయి, దినాలు కూడా అయ్యాయి. ఆమె ఊరి బయట బీడులో గొర్రెల దగ్గర ఉందంటే ఆటో అక్కడికే పోనిచ్చాను. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. సీసాలో నీళ్లిచ్చింది.

"పుండు జర ఎర్రగ అయ్యింది, మానుతది అనుకున్న. మళ్ల జెరమొచ్చింది. తిండి బంద్ జేసిండు" అంది.

"అన్నకు చెప్పినవా, నా సంగతి?"

"చెప్పలే. నువ్వంటె ఆయనకు మంచిగ ఉండె. చెప్పి ముడ్తదని అందరితోటి అంటుండె."

నేను గట్టు మీద కూర్చున్నాను. ఆమె కూడా కర్ర ఆనించుకుని పక్కన కూర్చుంది. నా చేతుల వైపు చూసింది.

"ఇప్పుడు కట్లు మంచిగ కడ్తున్నవ్ గద?"

"కడ్తున్న అక్కా."

"మా ఆయన పెయ్యి మీద నేర్సుకున్నవ్" అంది.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే కాళ్ల మీద పడేదాన్ని. ఇంతలో నాలుగు గొర్రెలు పక్క పత్తి చేనులోకి దిగాయి. ఆమె అరుస్తూ లేచి వాటి వెంట పోయింది. గొర్రెలు చెదిరి చేను మధ్యకు పోయాయి, ఆమె వాటి వెనకే పోయింది. రోడ్డు మీద ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టాడు. నేను పోతున్నానని ఆమెకు చెప్పకుండానే ఎక్కి కూర్చున్నాను.