పెదాల మీది మాట

అశోక్ చౌక్‌లో మరమగ్గాల నూనె వాసన తగిలితే చిన్నప్పటి ఒక వాన మధ్యాహ్నం గుర్తొస్తుంది.

బాపుకు, అంటే మా నాన్నకు, అన్నం డబ్బా తీసుకుని కార్ఖానాకు వెళ్లాను. పైరేకులు కారి, ఆయన నేస్తున్న టవల్ తడుస్తోంది. అటు వచ్చిన యజమాని సేఠ్‌ను చూసి బాపు, అతని తల్లిని కూడా కలిపి తిట్టాడు. మగ్గాల అంత మోతలో ఎవరికి వినిపిస్తుందిలే అనుకున్నాను. కానీ అక్కడ అందరూ పెదాలు చూసే మాట పట్టుకుంటారు. సేఠ్ కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే.

అంతలో కరెంటు పోయింది. సేఠ్ నేరుగా బాపు దగ్గరికి వచ్చాడు. ఇక బాపు పని పోయినట్టేనని డబ్బా గట్టిగా పట్టుకున్నాను.

"రేకుల ముచ్చట ఖరే, నిజమే. నన్ను ఎంతన్న అను. మా అమ్మ ఏం జేసిందిరా నీకు?"

బాపు తల దించాడు. "గల్తీ అయింది సేఠ్. అమ్మను అనను. గని రేకులైతే ఏయించుర్రి."

సేఠ్ నవ్వేశాడు.

కరెంటు వచ్చింది, మోత మొదలైంది. గుమ్మం దగ్గర సేఠ్ వెనక్కి తిరిగాడు. బాపు పెదాలు మళ్లీ కదిలాయి. నేను భయంభయంగా వాటినే చూశాను.

"రేకులు," అన్నాడు. అంతే.

హమ్మయ్య అనుకుని డబ్బా మూత తీశాను.

ఇప్పటికీ ఎవరినైనా నిలదీయాలంటే, ముందు మనసులో వాళ్లమ్మను ఇంట్లో కూర్చోబెట్టి మరీ మొదలుపెడతాను.