రాజక్క చెప్పిన జోస్యాలు

ఈ పొద్దున చిక్కబళ్ళాపురంలో బెంగళూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నానో లేదో, ఉడికిన పట్టుగూళ్ళ వాసన గుప్పుమంది. వెనక సీటు కింద ఎవరో పెద్దాయన, దారం తీసేశాక మిగిలిన పురుగుల మూట పెట్టుకున్నాడు. పక్కనున్నావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కండక్టరుతో తగాదా వేసుకుంది. నాకు మాత్రం లేచి వెళ్ళి ఆ మూట పక్కనే కూర్చోవాలనిపించింది. బయట మంచులో కొండ సగం దాకా కనిపించి, పైన ఏమీ లేకుండా పోయింది. కళ్ళు మూసుకుంటే చింతామణిలోని ఆ రేకుల షెడ్డు, వరసగా కంప్యూటర్లు, వాటి ముందు జడల్లో కనకాంబరాలు పెట్టుకున్న ఆడపిల్లలు, వెనకాల చేతులు కట్టుకుని నిలబడిన రాజక్క. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే నేనింత చెప్పాల్సిన పని ఉండేది కాదు.

అసలు పేరు రాజేశ్వరమ్మ. చింతామణిలో వ్యాపారస్తుల ఇంటి మనిషి. భర్త పోయాక ఆ షెడ్డులో తనే నిలబడి పట్టుగూళ్ళు ఉడికించి దారం తీయించేది. ఆ పని సాగక మూతపడ్డాక బెంగళూరు కంపెనీ ఒకటి షెడ్డు అద్దెకు తీసుకుని కంప్యూటర్లు పెట్టింది. షెడ్డుతో పాటు ఆమెను కూడా తీసుకోక తప్పలేదని మాలో మేము నవ్వుకునేవాళ్ళం. ఆమె మా సూపర్‌వైజరు. వాన పడిందంటే చాలు, గోడల్లోంచి పాత గూళ్ళ వాసన లేచేది. మొదట్లో కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చుక్కలు పెట్టేదాన్ని. తర్వాత ఆ వాసన లేని రోజు పనికి వచ్చినట్టే ఉండేది కాదు.

మా పని వింటే ఊళ్ళో ఎవరూ నమ్మేవాళ్ళు కాదు. అమెరికాలో ఆడే బేస్‌బాల్ మ్యాచ్‌లు చూడాలి. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు బ్యాట్‌తో కొడతాడు. విసిరిన ప్రతిసారీ వీడియో ఆపి, బంతి ఎక్కడ దాటిందో, బ్యాట్‌కు ఎక్కడ తగిలిందో చుక్కలు పెట్టాలి. వాళ్ళ సాయంత్రం మాకు తెల్లవారుజాము. మమ్మల్ని తీసుకురావడానికి జీపు వచ్చే వేళకు ఊళ్ళో కోళ్ళు కూడా సరిగ్గా లేచేవి కావు. నిద్ర కళ్ళతో షెడ్డులోకి అడుగు పెడితే తెర మీద పచ్చటి మైదానం, దాని మీద సంజె వెలుగు. మాకు తెల్లవారుతుంటే అక్కడ దీపాలు వెలిగేవి. ఏది నిజం పొద్దో, ఏది కల పొద్దో తెలియని ఆ గంటలంటే నాకు ఎంత ఇష్టమో! బట్లహళ్ళిలో మా ఇంటి మెట్ల మీద కూర్చున్నప్పుడు కూడా, టమాటా తోటలో ఎవడో బంతి విసరబోయి ఆగినట్టు అనిపించేది.

ఆ ఆట సీజను ఉగాది దగ్గర మొదలై దీపావళి దగ్గర ముగుస్తుంది. అందుకని రాజక్క ఉగాది పొద్దున అందరి చేతుల్లో వేపాకు, బెల్లం పెట్టి, కుర్చీలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, పంచాంగం తెరిచేది. దేశానికి కాదు, జట్లకు. నేను చేరిన ఏడాది గూళూరు నుంచి వచ్చే నాగవేణి ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, దేశం కాని దేశం పేర్లు. వాటికి రాశి యాడ చూస్తావు?"

"అందుకే కదమ్మా పేర్లు మార్చేది. ఇదో, ఈ నీలం టోపీల వాళ్ళు ఇంక గూళూరు. కుంభ రాశి. ఈ గడ్డాల వాళ్ళు పాతపాళ్య, కన్య. మంజులా, నీ ఊరు యాదమ్మా?"

"బట్లహళ్ళి అక్కా."

"అయితే ఈ బక్కోళ్ళు బట్లహళ్ళి. వృషభం. ఆదాయం తక్కువ, ఖర్చు మెండు. ఈ ఏడు వీళ్ళ బంతులు శానా ఊరికే పోతాయి."

అలా మా ఊళ్ళన్నీ అమెరికాలో ఆడేవి. పంచాంగం మూసేశాక ఆమె తన సొంత జోస్యం ఒకటి చెప్పేది, దీపావళికి కప్పు ఎత్తేది ఎవరో. దానికి లెక్కలు చూసేది కాదు. పట్టుపురుగు గూడు కట్టబోయే ముందు తినడం మానేసి తల ఎత్తి అటూ ఇటూ చూస్తుందట. ఆ చూపు ఏ జట్టులో కనిపిస్తే అది గెలుస్తుందట. నవ్వకండి, ఆమె నిజంగానే నమ్మింది. ఒక్క ఏడు కూడా నిజం కాలేదు. ఆమె నోట ఏ ఊరు వస్తే ఆ ఊరి పిల్ల మొహం మాడిపోయేది. ఆ ఉగాదికి ఆమె కాసేపు తెర వంక చూసి, "ఈ తూరి బట్లహళ్ళి గెలుస్తాది" అంది. అందరూ నా వైపు తిరిగి అయ్యో పాపం అన్నట్టు చూశారు.

ఈ పేర్ల వల్ల తిప్పలూ పడ్డాం. ఒకరోజు ఇంటికి పోతూ బస్సులో నాగవేణి ఫోనులో, "గూళూరు పనైపోయింది. ఇంక లేచేది లేదు. ఒగనికీ కాలూ చెయ్యీ ఆడ్తా లేదు" అంటోంది. ముందు సీటులో తలగుడ్డ కట్టుకున్న ముసలాయన గబుక్కున లేచి నిలబడ్డాడు.

"ఏమమ్మా, ఏమైందమ్మా మా గూళూరికి? నేను పొద్దున్నే కదా వచ్చింది!"

సర్ది చెప్పేసరికి మా తల ప్రాణం తోకకు వచ్చింది. ఆ తర్వాత మేము ఎప్పుడు కనిపించినా ఆయన నవ్వుతూ, "మా ఊరు ఎట్లుండాదమ్మా, లేచిందా?" అని అడిగేవాడు. రాజక్కకు చెబితే కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

బట్లహళ్ళి ఎండాకాలమంతా ఓడిపోయింది. ఎలా ఓడిపోయిందో చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే. చేతిలోకి వచ్చిన బంతిని జారవిడిచేవాళ్ళు. రాజక్క మాత్రం రోజూ తన కుర్చీ లాక్కుని నా పక్కన వేసుకునేది. ఆ రోజుల్లో నా మనసు కూడా ఏమంత బాగుండేది కాదు. పీయూసీ, అదే ఇంటరు, ఒకసారి తప్పి, మళ్ళీ రాసి, దూరవిద్యలో డిగ్రీకి కట్టాను. బోరు ఎండిపోయి నాన్న విసిగిపోయి ఉన్నాడు. చెడ్డవాడు కాదు. "ఆ పని ఉన్నన్నాళ్ళు చదువుకో. పని పోతే ఇంటి పట్టున ఉండు" అని తేల్చేశాడు. అంటే ఆ షెడ్డు ఉంటేనే నా చదువు. నేను పాసవుతానని ఇంట్లో ఎవరూ అనలేదు. ఒకరోజు బట్లహళ్ళి మరీ ఘోరంగా ఓడిపోయాక నాకు ఒళ్ళు మండింది.

"నువ్వు చెప్పింది ఏనాడూ జరగలేదు కదక్కా. మళ్ళా ఏల చెప్తావు?"

"చెప్పకపోతే నేను ఏమి చూసేది పాపా? అన్ని జట్లూ ఒగటే మాదిరి ఉంటాయి. ఇది గెలుస్తాదని నోటితో అనేసినాక, పొద్దున్నే లేస్తానే, దాని గతి ఏమాయనో అని కాళ్ళు ఈడకు లాక్కొస్తాయి."

"ఓడిపోతే?"

"ఓడిపోతే మాత్రం నాది కాకుండా పోతాదా?" అని నా జడ ముందుకు వేసి, వాడిపోయిన పువ్వు తీసేసింది. అదే మాట ఎవరైనా నన్ను చూసి అంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

వానలు మొదలయ్యాక ఆ బక్కోళ్ళకు ఏమైందో ఏమో, గెలవడం మొదలుపెట్టారు. సీజను చివరి రోజుల్లో ప్లేఆఫ్స్‌లోకి జారి దూరారు. ప్లేఆఫ్స్ అంటే మంచి జట్లు మాత్రమే మిగిలి, ఓడినవాళ్ళు ఒక్కొక్కరే ఇంటికి పోయే ఆట. మాకూ అంతే. మ్యాచ్‌లు తగ్గేకొద్దీ పిల్లలు తక్కువ చాలు. ఏటా దసరా దాటగానే ఒక్కొక్కరినీ పంపేసేవారట, వేరుసెనగ పీకడానికి ఇంటికి పోయి ఉగాదికి తిరిగొచ్చేవాళ్ళట. ఆ ఏడు మాత్రం పోయేవాళ్ళకు "ఉగాదికి రండి" అని కంపెనీ వాళ్ళు ఎవరూ చెప్పలేదు. బెంగళూరు మేనేజరు వచ్చి, రాజక్కను బయటకు పిలిచి వేపచెట్టు కింద చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. ఆమె లోపలికి వచ్చి ఏమీ జరగనట్టు టీ పెట్టింది.

బట్లహళ్ళి చివరి పోటీ దాకా వెళ్ళింది. ఆఖరి మ్యాచ్‌కు, ఇంటికి పోయిన పిల్లలు కూడా సొంత ఖర్చులతో వచ్చి నా వెనకాల నిలబడ్డారు. ఆఖరి బంతి గాల్లోకి చాలా పైకి లేచింది. అది మైదానం గోడ దాటితే గెలుపు మాదే. దీపాల వెలుగులో అది తెల్లగా, ఎక్కడికీ పోనట్టు, అలా ఆగిపోయి ఉండటం నాకు ఇప్పటికీ కలలో వస్తుంది. తర్వాత కిందికి దిగి, అవతలివాడి చేతిలో పడింది. నేను ఏడుస్తూనే దాని మీద చుక్క పెట్టాను. అప్పుడు నాగవేణి అందరి మనసులో ఉన్నది అడిగేసింది.

"అక్కా, ఉగాదికి మళ్ళా పని ఉంటాదా?"

రాజక్క మా మొహాలు ఒక్కొక్కటే చూసింది.

"ఉంటాది. ఉగాదికి అందరూ రండి."

ఆ నోటి జోస్యం సంగతి మాకు తెలుసు కదా. ఇంటికి వెళ్ళి పుస్తకాలు అటక మీద పెట్టేశాను.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం చిక్కబళ్ళాపురం బస్టాండులో ఆమె కనబడింది. చీర అంచంతా దుమ్ము, చంకలో సంచి, చేతిలో టీ. నన్ను చూసి పట్టుబడ్డ మనిషిలా నవ్వింది.

"ఏమక్కా ఈడ?"

"జోస్యం చెప్పినాను కదమ్మా. దాని పని మీద తిరుగుతాండా."

అప్పుడు తెలిసింది. ఇక ఆ షెడ్డు అక్కర్లేదని మేనేజరు వేపచెట్టు కిందే చెప్పేశాడట. అన్నీ తెలిసే ఆ మాట అంది. నాకు నిజంగా కోపం వచ్చింది.

"తెలిసి తెలిసీ ఉంటాదని ఎట్ల చెప్పినావు?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "చూడు మంజులా. ఆ జట్లు యాడనో సముద్రం అవతల ఆడ్తాండాయి. గెలుస్తాయని చెప్పి, కూచోని చూడాల. అంతకు మించి నా చేతిలో ఏముండాది? మీ పని కోసమైతే నేను బస్సెక్కి పోయి అడగొచ్చు కదమ్మా."

ఆ రోజు నేనూ ఆమె వెంట వెళ్ళాను. అదే ఆట పని చేయించే ఇంకో కంపెనీ అట, ఊరి చివర అద్దాల మేడ. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చున్నాం. ఎండ మా పాదాల మీద నుంచి ఒళ్ళోకి వచ్చి, వెళ్ళిపోయింది. లోపలి పెద్దమనిషి పిలవలేదు. చివరికి కాపలా అతను వచ్చి, సారు వెనక దారిన వెళ్ళిపోయారని కన్నడంలో మెల్లగా చెప్పాడు. నాకు అవమానంతో చెవులు వేడెక్కాయి. రాజక్క లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుంది.

"ఈ పొద్దు ఓడినాం. రేపు ఇంగో మ్యాచ్ ఉండాది. పా, బస్సు చూద్దాం."

ఇంటికి వచ్చి పుస్తకాలు అటక మీద నుంచి దింపాను. ఉగాది పొద్దున, ఇంకా చీకటిగానే ఉండగా, మా వీధిలో జీపు హారన్ మోగింది. నాన్నే వచ్చి లేపాడు. షెడ్డు అదే, ఆటా అదే, కంపెనీ మాత్రం ఆ అద్దాల మేడవాళ్ళది. ఎన్నిసార్లు ఆ కుర్చీల మీద కూర్చుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. వేపాకు, బెల్లం పంచి, పంచాంగం తెరిచి, ఈసారి పాతపాళ్య గెలుస్తుందని చెప్పింది. పాతపాళ్య అట్టడుగున మిగిలింది.

రాజక్క ఇప్పుడు లేదు. ఏడ్చి ఏడ్చి అలిసిపోయాను, ఇక ఆ సంగతి రాయను. నేను డిగ్రీ పూర్తి చేశాను. చిక్కబళ్ళాపురంలో ఇదే పని చేసే పిల్లలకు ఇప్పుడు నేను మంజక్కను. ఉగాదికి పంచాంగం నేనే చదువుతాను. ఈ ఏడు ఒక జట్టుకు చింతామణి అని పేరు పెట్టి, కప్పు దానిదేనని చెప్పాను. అది ప్లేఆఫ్స్ మొదట్లోనే ఇంటికి పోయింది. ఆమె దగ్గర నేర్చుకున్న జోస్యం మరి.

చుక్కలు ఇక యంత్రమే పెట్టుకుంటుందని కంపెనీ వాళ్ళు పోయిన వారం నాతో చెప్పారు. నిన్న ఆఖరి మ్యాచ్ అయిపోయింది. కంప్యూటర్లు ఆపుతుంటే, బాగేపల్లి నుంచి వచ్చే చిన్న పిల్ల, ఈ జీతంతోనే నర్సింగ్ ఫీజు కట్టుకుంటున్నది, నా ముందుకు వచ్చి నిలబడింది.

"మంజక్కా, ఉగాదికి మళ్ళా పని ఉంటాదా?"

రాజక్క ఆ పూట మా మొహాలు ఎందుకు ఒక్కొక్కటే చూసిందో అప్పుడు అర్థమైంది.

"ఉంటాది. అందరూ రండి" అన్నాను.

బస్సు ఊళ్ళు దాటుతోంది. మంచు విడిపోయింది. పురుగుల మూట పెద్దాయన దారిలో దిగిపోయాడు, వాసన మాత్రం నా సీటు చుట్టూ ఇంకా ఉంది. సంచిలో నీళ్ళ సీసా, రెండు పూటలకు సరిపడా చిత్రాన్నం ఉన్నాయి. బెంగళూరులో ఏ కంపెనీ వాకిట్లో ఎంతసేపు కూర్చోమన్నా కూర్చుంటాను. ఇవాళ ఓడిపోతే రేపు ఇంకో మ్యాచ్ ఉంది.