డ్రైవరు గడియారం

మరదలి పెళ్లికి పట్టుచీర కొనడానికి ఈ రోజు నేనూ నా భార్యా సోమందేపల్లె నుంచి ధర్మవరం వెళ్లాం. తిరిగి రావడానికి ఉన్నది మేం వెళ్లిన ఆ ఒక్క బస్సే. దిగేటప్పుడు డ్రైవరు చేతి గడియారం చూపించి, "నాలుగుకు కదుల్తాది. ఊరి టైము కాదప్పా, నా టైము," అన్నాడు. ఆయన గడియారం ఊరి టైముకంటే అరగంట ముందు నడుస్తుంది.

నేతగాళ్ల ఇంట్లో నా భార్యకు నెమలికంఠం రంగు చీర నచ్చింది. ఆ రంగులో ఉన్నది అదొక్కటే.

"అంచు ఎండలో చూడల్ల, రోంత ఉండు," అంది.

బస్సు పోతుందని నేను తొందరపెట్టాను. చీర అక్కడే ఉండిపోయింది.

రొప్పుతూ వచ్చి చూస్తే డ్రైవరు బస్సు మెట్టు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు.

"టైము కాలేదా అన్నా?"

"ఎప్పుడో అయిపోయినాది. మా ఇంటామె చీరలు చూస్తాండాది. ఆమె రావల్ల గదప్పా."

చాలాసేపటికి ఆమె వచ్చింది. చంకలో అదే నెమలికంఠం చీర.

ఊరు చేరేదాకా నా భార్య ఆ చీరనే చూసింది గానీ నా ముఖం చూడలేదు. వచ్చే వారం మళ్లీ ధర్మవరం వెళ్లాలి. ఈసారి టైము డ్రైవరు భార్యను అడుగుతాను. మీ బస్సు ఎవరి టైముకు కదులుతుందో మీరూ కనుక్కుని చెప్పండి.